పిల్లల ఎదుగుదలలో ఆలస్యమా? శిక్షణ అమ్మానాన్నలకు కూడా కావాలి

మీ పిల్లాడికి రెండేళ్లు దాటాయి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. కావాల్సింది వేలితో చూపించడు. తోటి పిల్లలతో కలవడు. ఇంట్లో పెద్దవాళ్లేమో "మగపిల్లలకి మాటలు ఆలస్యమేలే, వాళ్ల నాన్నకీ అంతే" అంటారు. దయచేసి ఆ మాట దగ్గర ఆగిపోకండి. చిన్న వయసులో ఒక్కో నెలా విలువైనదే. వచ్చిన మాటలు పోతుంటే మాత్రం అసలు ఆలస్యం చేయకుండా చూపించాలి.

ముందు ఎవరికి చెప్పాలి?

మీ అంగన్‌వాడీ టీచర్‌కి గానీ, ఏఎన్‌ఎంకి గానీ చెప్పండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. అవసరమైతే జిల్లాలోని సత్వర చికిత్స కేంద్రానికి, అంటే డీఈఐసీకి పంపుతారు. చెవుల పరీక్ష తప్పకుండా చేయించండి. వినపడక పలకని పిల్లల్ని కూడా ఆటిజం అనుకునే ప్రమాదం ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ, నెల్లూరులోని సీఆర్‌సీ కూడా ఇలాంటి పిల్లలకు సేవలందించే కేంద్ర ప్రభుత్వ సంస్థలు. బడి వయసు పిల్లలకైతే సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలు ఉన్నాయి.

"థెరపిస్టు ఉండగా నాకెందుకు శిక్షణ?"

చాలామంది అడిగే ప్రశ్నే. వారానికి రెండుసార్లు ముప్పావు గంట చొప్పున థెరపీ దొరికినా మొత్తం గంటన్నర. మిగతా సమయమంతా పిల్లాడు మీ దగ్గరే ఉంటాడు. స్నానం, అన్నం, ఆట, నిద్ర అన్నీ మీ చేతుల మీదే జరుగుతాయి. వాటినే నేర్పే అవకాశాలుగా ఎలా మార్చుకోవాలో చూపించేదే ఈ శిక్షణ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2 నుంచి 9 ఏళ్ల పిల్లల తల్లిదండ్రుల కోసం రూపొందించిన శిక్షణలో 9 గ్రూపు తరగతులు, 3 సార్లు ఇంటికి వచ్చి చూడడం ఉంటాయి. పెద్ద చదువులేమీ అక్కర్లేదు.

ఒక ఉదాహరణ చూడండి. బిస్కెట్ డబ్బా పిల్లాడికి కనపడేలా, చేతికి అందకుండా పెట్టండి. వాడు మీ చెయ్యి పట్టుకుని లాగుతాడు. వెంటనే ఇచ్చేయకండి. వాడి ఎత్తుకు కిందికి వంగి, కాసేపు ఆగండి. మీ వైపు చూసినా, చెయ్యి చాపినా, "ఊ" అన్నా అది అడగడమే. "బిస్కెట్" అని ఒక్క మాట చెప్పి ఇవ్వండి. మొహం పట్టుకుని బలవంతంగా మీ వైపు తిప్పొద్దు, "చెప్తేనే ఇస్తా" అని ఏడిపించొద్దు.

లాగు తొడుక్కోవడం నేర్పాలంటే చివరి నుంచి మొదలుపెట్టండి. మోకాళ్ల దాకా మీరు వేసి, నడుముకు లాక్కోవడం వాడికి వదిలేయండి. అది వచ్చాక ఒక్కో మెట్టు వెనక్కి రావచ్చు. ఇక అరుపులు, తల బాదుకోవడం లాంటివి ఉంటే కొట్టొద్దు. దానికి ముందు ఏం జరిగింది, తర్వాత వాడికి ఏం దొరికింది అన్నది వారం రోజులు కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి. సాధారణంగా కారణం అందులోనే కనిపిస్తుంది: మిక్సీ మోత, ఫోన్ లాక్కోవడం, ఆకలి.

నాన్నగారు కూడా రావాలి. కుదరకపోతే పిల్లాడితో ఎక్కువసేపు ఉండే నాన్నమ్మో, అమ్మమ్మో రావాలి. ఇంట్లో ఒకరు ఆగి అడిగించి, ఇంకొకరు అడక్కుండానే ఇచ్చేస్తే నేర్చుకున్నది నిలవదు. పైగా భారమంతా తల్లి ఒక్కదాని మీదే పడితే ఆమె ఆరోగ్యం దెబ్బతింటుంది.

సదరం సంగతి

డీఈఐసీకి వెళ్లడానికి సదరం సర్టిఫికెట్ అవసరం లేదు. ఇది తెలియక నెలల తరబడి ఆగిపోయే కుటుంబాలు ఉన్నాయి. అది పింఛను లాంటి వాటికి కావాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 40 శాతం, ఆపైన ఉంటే నెలకు రూ.6,000 పింఛనుకు దరఖాస్తు చేయవచ్చు. స్లాట్ కోసం గ్రామ, వార్డు సచివాలయంలో అడగండి. సర్టిఫికెట్ వచ్చాక నిరామయ ఆరోగ్య బీమాకు కూడా దరఖాస్తు పెట్టండి, ఏడాదికి రూ.1 లక్ష వరకు రక్షణ ఉంటుంది. థెరపీ బిల్లులు పారేయకండి.

ఆటిజాన్ని పూర్తిగా నయం చేస్తామని లక్షలు అడిగేవాళ్లకు డబ్బు కట్టకండి.

మొదటిసారి వెళ్లేటప్పుడు తల్లీబిడ్డల రక్షణ కార్డు, పిల్లాడి ఆధార్, పాత రిపోర్టులు, వాడికిష్టమైన బొమ్మ ఒకటి వెంట తీసుకెళ్లండి. ఇంట్లో వాడు ఆడుకునే తీరు ఫోన్‌లో రెండు నిమిషాలు వీడియో తీసి ఉంచుకోండి, కొత్త చోట పిల్లలు బిగుసుకుపోతారు.