ఈ ప్రాజెక్టు డెడ్‌లైన్ పదేళ్లు!

మీ ఫైనలియర్ ప్రాజెక్టుకు ఎంత టైమిచ్చారు? ఆరు నెలలా? పదేళ్లు పట్టే ప్రాజెక్టు ఒకటుంది. అందులో అన్‌డూ బటన్ లేదు, బ్యాకప్ లేదు. అదే డ్రెస్సాజ్ గుర్రాల పెంపకం. ‘టెక్ బ్లాగరువి, నీకు గుర్రాలతో పనేంటి?’ అంటారా? చివరిదాకా చదవండి, మీకే తెలుస్తుంది.

డ్రెస్సాజ్ అంటే గుర్రం చేసే నాట్యం లాంటిది. రౌతు ఇచ్చే సైగ చూసేవాళ్లకు కనిపించకూడదు. గుర్రం మాత్రం ఉన్నచోటే లయగా అడుగులేయాలి. ఒక్కో కదలికకు జడ్జీలు సున్నా నుంచి పది వరకు మార్కులేస్తారు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో అనూష్ అగర్వాలా, హృదయ్ ఛెడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా మనకు స్వర్ణం తెచ్చింది ఈ ఆటలోనే. ఈ గుర్రాల పెంపకానికి పేరున్నవి నెదర్లాండ్స్, జర్మనీ, డెన్మార్క్.

పదకొండు నెలల టెన్షన్

మేలుజాతి మగ గుర్రం వీర్యం తెప్పించి, కృత్రిమ గర్భధారణ చేయిస్తారు. చూడి కట్టిందో లేదో రెండు వారాలకు స్కానింగ్‌లో తెలుస్తుంది. కవలలుంటే తల్లికీ పిల్లలకూ ముప్పే. అందుకే డాక్టర్లు తొలి దశలోనే ఒకదాన్ని తీసేస్తారు. ఆ తర్వాత దాదాపు 11 నెలల నిరీక్షణ. ఈనిన గంటలో పిల్ల నిలబడాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో తల్లికి మాయ పడాలి. గుర్రప్పిల్లకు కడుపులో ఉండగా తల్లి నుంచి రోగనిరోధక శక్తి అందదు. అది ముర్రుపాలతోనే రావాలి. ఆ రాత్రి యజమానికి నిద్రుండదు.

అంతా సవ్యంగా జరిగినా, జీను వేసేది సుమారు మూడేళ్లకు. గ్రాండ్ ప్రీ స్థాయిలో పోటీ పడాలంటే కనీసం ఎనిమిదేళ్లు నిండాలి. ఖర్చు మాత్రం మొదటిరోజు నుంచే మొదలు!

డేటా ఉంది, గ్యారంటీ లేదు

ఇక్కడా డేటా సైన్స్ ఉంది. తల్లిదండ్రులు, తోబుట్టువులు, సంతానం రికార్డులన్నీ కలిపి ఒక్కో గుర్రానికి ‘బ్రీడింగ్ వాల్యూ’ లెక్కిస్తారు. ఫ్రాజైల్ ఫోల్ సిండ్రోమ్ అనే జన్యులోపం తల్లిలోనూ తండ్రిలోనూ దాగి ఉంటే, పిల్లకు ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు. చిన్న డీఎన్ఏ పరీక్షతో దాన్ని ముందే తప్పించుకోవచ్చు. అంటే రిస్కు తగ్గుతుంది. పోదు.

టోటిలాస్ కథే చూడండి. 2009లో 90 శాతం మార్కులు దాటిన తొలి గుర్రం. 2010 ప్రపంచ ఈక్వెస్ట్రియన్ క్రీడల్లో మూడు స్వర్ణాలు. ఆ వెంటనే భారీ ధరకు చేతులు మారింది. కొత్త రౌతుతో పాత మెరుపు ఎక్కువకాలం నిలవలేదు. గాయాలూ వెంటాడాయి. 2015 యూరోపియన్ చాంపియన్‌షిప్ తర్వాత ఆట ఆగిపోయింది. 2020లో కడుపునొప్పితో చనిపోయింది.

మరోవైపు వాలెగ్రో. చార్లెట్ డుజార్డిన్‌తో కలిసి లండన్, రియో ఒలింపిక్స్‌లో స్వర్ణాలు గెలిచింది. 2014లో ఫ్రీస్టైల్‌లో 94.3 శాతం సాధించింది. కానీ మన ఊళ్లో కోడెలకు చేసినట్టే దానికీ ముందే విత్తు కొట్టించారు. అంత గొప్ప గుర్రానికి వారసులే లేరు!

మరి మనకేంటి?

క్యాంపస్‌లో వరసగా మూడు కంపెనీలు నన్ను వద్దన్నప్పుడు ఇక నా పని అయిపోయిందనుకున్నా. ఈ పెంపకందార్ల లెక్క అప్పుడే తెలిసుంటే బాగుండేది. పుట్టిన పిల్లల్లో గ్రాండ్ ప్రీ దాకా వెళ్లేవి కొన్నే అని వాళ్లకు ముందే తెలుసు. అందుకే దారులు ముందే చూసి పెట్టుకుంటారు. కొన్నింటిని పిల్లలుగా ఉన్నప్పుడే వేలంలో అమ్మేస్తారు. కొన్నింటిని పెంచి, శిక్షణిచ్చి అమ్ముతారు. మెత్తని స్వభావమున్న గుర్రానికి స్వారీ నేర్చుకునేవాళ్లలో ఎప్పుడూ గిరాకీ ఉంటుంది.

మీరూ ఈ రాత్రి ఒక కాగితం తీసుకోండి. కలల ఉద్యోగం పైన రాయండి. దాని కింద మీ నైపుణ్యంతో చేయగలిగిన మరో రెండు పనులు, ఒక్కోదానికి ఎన్ని నెలలు ఇస్తారో, అన్నాళ్లూ ఖర్చులకు డబ్బెక్కడిదో రాయండి. ఆ చివరి గడి ఖాళీగా ఉంటే, ముందు దాని సంగతే చూడండి. గుర్రానికైనా, మనకైనా ఎదురుచూసినన్నాళ్లూ దాణా కావాలి కదా!