నిద్రయు వైద్యశిక్షణయు

మన బందరునందు 2023 వ సంవత్సరమున ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభింపబడినది. గుడివాడ, దివిసీమ ప్రాంతముల బాలబాలికలలో పలువురు వైద్యులు కాగోరుచున్నారు. అట్టివారు ముందుగా నెరుగవలసిన విషయ మొకటి గలదు.

అత్తిపత్తి యాకులు రాత్రి ముడుచుకొని పగలు విచ్చుకొనును. 1729 లో దె మైరాన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఇట్టి మొక్కను చీకటిలో నుంచినను అది వేళ తప్పలేదని కనుగొనెను. మనుష్యుని మెదడునందును ఇట్టి గడియారము గలదు. వెలుతురే దానిని సరిచేయుచుండును. రాత్రి యది నిద్రను బిలిచి దేహపు వేడిమిని తగ్గించును.

హౌస్ సర్జను రాత్రియెల్ల మేల్కొన్నను ఆ గడియారము తన వేళను మార్చుకొనదు. కావుననే తెల్లవారుజామున జ్ఞాపకము, మెలకువ, ఓర్పు సన్నగిల్లును; పగటి నిద్రయు గాఢముగా పట్టదు. 2004 లో అమెరికాయందు ప్రకటింపబడిన పరిశోధనలో, 24 గంటలు మించిన విధులందున్న శిక్షణ వైద్యులు, పనిగంటలు తగ్గించినప్పటికంటె 36 శాతము అధికముగా తీవ్రమైన పొరపాట్లు చేసిరని తేలినది. రెసిడెంటు వైద్యుల పని సామాన్యముగా దినమునకు 12 గంటలు, వారమునకు 48 గంటలు మించరాదని 1992 లో మన కేంద్ర ప్రభుత్వ ముత్తరువిచ్చినది. అయినను అనేక ఆసుపత్రులలో అది యమలు జరుగుటలేదు.

ఇందలి నష్టము వైద్యునిది మాత్రమే కాదు. దివిసీమనుండి అర్ధరాత్రమున వచ్చు రోగిదియు నగును. నిద్ర మానుట సేవ కాదని మా యభిప్రాయము. పరీక్షలకై రాత్రులెల్ల మేల్కొను మన విద్యార్థులును దీనిని గ్రహింతురు గాక. బదరీవృక్షము క్రింద సొలసిన ఏలీయాకు దేవుడు మొదట నిద్రను, ఆహారమును ఇచ్చి, పిమ్మటనే పని నొప్పగించెను గదా!