ఉషా ఉతుప్: పట్టుచీరలో పాప్ పాట – అపోహలు, వాస్తవాలు

ఉషా ఉతుప్ బెంగాలీ ఆవిడేనని చాలామంది నమ్మకం. నుదుటి మీద పెద్ద బొట్టు, ఆ బొట్టులో బెంగాలీ ‘క’ అక్షరం, కలకత్తా వాళ్లంతా నోరారా ‘దీదీ’ అని పిలవడం చూస్తే అలా అనుకోవడం సహజమే. పేరు చివరి ‘ఉతుప్’ చూసినవాళ్లు మలయాళీ అంటారు. నిజానికి ఆమె 1947లో బొంబాయిలో తమిళ అయ్యర్ల ఇంట పుట్టారు. ఉతుప్ అన్నది భర్త జానీ చాకో ఉతుప్ వైపు నుంచి వచ్చింది, ఆయనది కేరళ. పెరగడం బొంబాయిలో, పాట మొదలైంది మద్రాసులో, స్థిరపడింది కలకత్తాలో.

బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు ఇలా ఒకచోట పుట్టి మరోచోట స్థిరపడడంలో వింతేమీ ఉండదు. బెంగాల్–నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి, వర్క్‌షాపులో పనికి కుదిరి, ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు ఈ ఊళ్లో ఎన్నో. ఇంట్లో తెలుగు, డ్యూటీలో హిందీ, గోల్‌బజార్‌లో బంగ్లా. పుట్టిన ఊరు ఒకటీ, సొంత ఊరు ఒకటీ కావడం ఎలా ఉంటుందో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వాళ్లలాగే ఉషా ఒక్క భాషకు కట్టుబడలేదు, పదిహేనుకు పైగా భారతీయ భాషల్లో పాడారు. వాటిలో తెలుగూ ఉంది.

అంత గంభీరమైన గొంతు వింటే ఏ గొప్ప గురువు దగ్గరో ఏళ్ల తరబడి నేర్చుకుని ఉంటారనిపిస్తుంది. ఆమెకు పద్ధతిగా సంగీతశిక్షణ లేదు. పైగా బొంబాయి కాన్వెంటు బడిలో, ఆ గొంతు బృందగానంలో కలవదని సంగీతం క్లాసులో పాడనివ్వలేదు. చేతికి తాళం వేసే వాయిద్యాలిచ్చి కూర్చోబెట్టారు. ఆడపిల్ల గొంతంటే సన్నగా, తీగలా సాగాలన్న లెక్క ఆ బడిదొక్కటే కాదు, మన సినిమాలదీ అదే. నాయిక పాట సుశీల గారికి, క్లబ్బు పాట ఎల్.ఆర్. ఈశ్వరి గారికి అన్న పంపకం తెలుగు శ్రోతకు కొత్తది కాదు. ‘దేవుడు చేసిన మనుషులు’ (1973)లో ఈశ్వరి పాట ఊళ్లను ఊపేసినా ఆ గొంతును నాయికకు ఇవ్వడానికి నిర్మాతలకు చేతులు రాలేదు. ఇద్దరు గొప్ప గాయనులకు ఇది అన్యాయమే.

ఇక క్లబ్బుల సంగతి. నైట్‌క్లబ్బు గాయని అనగానే ఒక వేషం, ఒక నడవడి ఊహించేసుకోవడం మనకు అలవాటు. ఉష 1969లో మద్రాసు మౌంట్‌రోడ్డులోని నైన్ జెమ్స్ క్లబ్బులో మొదటిసారి మైకు పట్టుకున్నప్పుడు కట్టుకున్నది చీర. విన్నవాళ్లకు నచ్చింది. యజమాని ఇంకో వారం పాడమన్నారు. తర్వాత కలకత్తా పార్క్‌స్ట్రీట్‌లోని ట్రింకాస్‌లోనూ అదే కట్టు: పట్టుచీర, చేతుల నిండా గాజులు, తలలో పూలు. జానీ ఆమెకు పరిచయమైంది అక్కడే. కుటుంబాలు కలిసి కూర్చుని పాప్ వినగలిగే చోటుగా ఆ వేదికను మార్చింది ఆ గొంతూ ఆ చీరా కలిసే.

‘దమ్ మారో దమ్’ పాడింది ఆమేనని ఇప్పటికీ పందెం కాసేవాళ్లున్నారు. ఆ పాటలో వినపడేది ఆశా భోంస్లే. ఆ పాట ఉన్న ‘హరే రామ హరే కృష్ణ’ (1971) సినిమాలోనే ఆశతో కలిసి మరో పాటలో ఇంగ్లీషు భాగం పాడింది ఉష. బప్పీ లాహిరి డిస్కో పాటలే ఆమెను తయారుచేశాయనడమూ తప్పే. ‘రంభా హో’, ‘హరి ఓం హరి’ రావడానికి పదేళ్ల ముందే ఆమె ఇంగ్లీషు రికార్డులు ఇచ్చారు. కెన్యా వెళ్లి స్వాహిలీలో పాడి అక్కడి జనాన్ని మెప్పించారు.

అన్నిటికంటే ఎక్కువగా వక్రీకరించి చెప్పుకునేది 1983 నాటి గొడవ. బెంగాల్ ప్రభుత్వం ఆమె పాటల్ని నిషేధించిందనీ, ఆమె తలవంచి ఊరుకున్నారనీ అంటారు. జరిగింది వేరు. వామపక్ష ప్రభుత్వంలో ప్రజాపనుల మంత్రి జతిన్ చక్రవర్తి ఆమె పాటను ‘అపసంస్కృతి’ అన్నారు. ప్రభుత్వ హాళ్లలో ఆమె కార్యక్రమానికి చోటు లేకుండా పోయింది. ఆమె బతిమాలుకోలేదు, ఊరు విడిచి వెళ్లలేదు. కలకత్తా హైకోర్టుకు వెళ్లారు, గెలిచారు. ప్రభుత్వ హాలు ప్రజల డబ్బుతో కట్టింది. అందులో ఏ రాగం వినపడాలో నిర్ణయించే హక్కు మంత్రి అభిరుచికి ఉండకూడదు. క్లబ్బుల్లో పాడుకునే ఒక గాయని, అధికారంలో ఉన్న మంత్రి మాటకు ఎదురుగా కోర్టు మెట్లెక్కడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఉషా ఉతుప్ గురించి ఒక్క సంగతే గుర్తుంచుకోవాల్సి వస్తే, ఏ హిట్ పాట కన్నా ముందు ఇదే గుర్తుంచుకోవాలి. విడ్డూరమేమిటంటే, ఆమె పాటను అపసంస్కృతి అన్న అదే ప్రభుత్వ హయాంలో, 1986లో, సాల్ట్‌లేక్ స్టేడియంలో బొంబాయి తారలతో ‘హోప్ 86’ అనే వినోద కార్యక్రమం అట్టహాసంగా జరిగింది.

డిస్కోతోనే ఆమె కాలం అయిపోయిందన్నది చివరి అపోహ. ‘7 ఖూన్ మాఫ్’ (2011)లో రష్యన్ జానపద బాణీ ‘కలింకా’ ఆధారంగా చేసిన ‘డార్లింగ్’ పాటకు రేఖా భరద్వాజ్‌తో కలిసి ఫిల్మ్‌ఫేర్ అందుకునేనాటికి ఆమెకు అరవై దాటాయి. పద్మశ్రీ వచ్చిందీ 2011లోనే. 2023 చివర్లో అదే ట్రింకాస్‌లో మైలీ సైరస్ పాట ‘ఫ్లవర్స్’ పాడితే, ఆ వీడియోను ఆమె మనవల వయసు వాళ్లు ఫోన్లలో ఒకరికొకరు పంపుకున్నారు. మరుసటి ఏడాది పద్మభూషణ్ ప్రకటించారు. బెంగాల్ నుంచి అదే పురస్కారం అందుకున్న మరో పేరు మిథున్ చక్రవర్తి. 1982లో ‘డిస్కో డాన్సర్’ నాయకుడు ఆయనే, ఆ సినిమాలో ‘కోయీ యహాఁ నాచే నాచే’ పాడిన గొంతు ఉషది.