ఆటస్థలము కూడ పాఠశాలయే



కళాశాలలో చదువు కుఱ్ఱవాడు సాయంకాలము ఆటకు పోయెనన్న, "పొలమమ్మి చదివించుచున్నది ఇందులకా?" యని మనము విసుగుకొందుము. కైకలూరు ప్రాంతమున బడిపంతులుగా నుండిన కాలమున నేనును ఆ మాటయే పలుమాఱులు పలికితిని. పరీక్షలు సమీపించినవని యొక విద్యార్థిని చెడుగుడు జట్టునుండి మాన్పించితిని. వానికి మంచి మార్కులు వచ్చినవి. కాని కళాశాలలో మొదటిసారి తప్పినంతనే పుస్తకములు మూటగట్టి యింటికి వచ్చి, మఱల పోలేదు. అంతయు ఆట మానుటవలననే యనజాలను. అయినను ఓడి తిరిగి నిలుచుట వాడు నేర్చుకొనుచున్న చోటునుండి వానిని లాగినవాడను నేనే. వాని తండ్రి నేటికిని నన్ను గౌరవముతో పలుకరించును. నేను తల వంచుకొందును.

మన చెడుగుడునే చూడుడు. పక్షమునకు ఏడుగురు. కూతకు పోయినవాడు ఒంటరి. ఊపిరి విడువక, ఎవరిని తాకవలెనో, ఎప్పుడు గీతకు మరలవలెనో క్షణములో నిశ్చయింపవలెను. పట్టువారు చేతులు కలిపి గొలుసువలె నిలుతురు. ఒక్కడు పేరునకై తొందరపడి దూకెనా, ఆ గొలుసు తెగును. చచ్చి బయట కూర్చున్నవాడు తన బలముచే బ్రతుకలేడు. తనవారు ఎదుటివానిని చంపినప్పుడే మఱల ఆటలోనికి వచ్చును. మధ్యవర్తి తీర్పు ప్రతికూలమైనను తలయొగ్గవలెను. ధైర్యము, నిగ్రహము, పరస్పరాశ్రయము, ధర్మబుద్ధి, ఈ నాలుగును ఒక్క యాటలోనే యున్నవి గదా! ఈ పల్లెయాట 1990వ సంవత్సరమున ఆసియా క్రీడలలో పోటీగా చేరెను. నాడు భారతజట్టు స్వర్ణపతకము గెలిచెను.

కళాశాలప్రాయము ఇల్లు విడిచి పరులతో మెలగ నేర్చు ప్రాయము. ఏలూరు కళాశాలకు కొల్లేటి లంకలవాడును వచ్చును, మెట్టసీమవాడును వచ్చును. వాలీబాలు ఆడునపుడు బంతి నందుకొనువాడు తోడివాని కులగోత్రము లడుగడు. కొల్లేట పడవ నడుపువారికి ఈ మర్మము తెలియును: ఇరువురు చెఱియొక దిక్కునకు గడ వేసినచో పడవ తిరుగునే గాని సాగదు.

హైదరాబాదునందలి సయ్యద్ అబ్దుల్ రహీముగారు వృత్తిచే ఉపాధ్యాయులు. వారి శిక్షణలో భారత ఫుట్‌బాలు జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచెను. 1956లో మెల్బోర్ను ఒలింపిక్సున నాలుగవ స్థానమున నిలిచెను. పంతులు ఆటస్థలమున నిలిచిన నేమి జరుగునో ఇది చూపుచున్నది.

ఆట యెల్లరను సజ్జనులను జేయునని చెప్పను. పందెములు కాయుచోట, దొంగాటను మెచ్చుకొను గురువునొద్ద, అదియే దుర్గుణములను నేర్పును. చదువు మాని యాడుమనుటయు నా మతము గాదు. దినమున కొక గంట, మంచి గురువు కనుసన్నలలో ఆడనిండు, చాలును.

మనుమడు మట్టికొట్టుకొని యింటికి వచ్చినపుడు కోపగింపకుడు. గెలుపోటములు తరువాత నడుగవచ్చును, "నేడు ఎవరికి తోడుపడితివి? నీకెవరు తోడుపడిరి?" అని ముందుగా నడుగుడు. వాడు చెప్పు సమాధానమున వాని చదువెంతవఱకు వచ్చినదో మీకే తెలియును.

సెలవు.