ముందు గది, తరువాత మైకు
ఇంట్లో పాట రికార్డు చేసుకోదలచిన కుటుంబాలకు



పాటల పుస్తకం తెరవకుండానే కీర్తనను పల్లవి నుండి చివరి చరణం వరకు పాడగల పెద్దవారు మీ ఇంట్లో ఉన్నారా? మీ సంఘంలో ఉన్నారా? ఉంటే ఈ వ్యాసం మీ కోసమే.

మా అమ్మ అటువంటి మనిషి. నల్లగొండ జిల్లాలోని మా ఊరి ప్రార్థన మందిరంలో నలభై ఏండ్లకు పైగా ఆమె పాట ఎత్తితేనే మిగతావారు అందుకునేవారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తనల పైన రాగము, తాళము పేర్లు అచ్చు వేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారి వంటి 19వ శతాబ్దపు భక్తులు రాసిన మాటలు ఆ పుస్తకంలో భద్రంగా ఉన్నాయి. అయితే ఒక కీర్తనను మా ఊరిలో ఎక్కడ సాగదీస్తారు, ఏ చరణం దగ్గర ఆడవారు అందుకుంటారు, డప్పు ఎక్కడ ఆగుతుంది అన్నది ఏ పుస్తకంలోనూ లేదు. అది పాడేవారి గొంతులోనే ఉంది. ఆ గొంతు ఆగిన రోజున ఆ వరుస కూడా పోతుంది.

పూర్వం ఒకసారి మా నాన్నగారు ఆమె పాటలు క్యాసెట్టులో పట్టారు. ట్రంకుపెట్టెలో ఏండ్ల తరబడి పడి ఉండి, బూజు పట్టి, ఆ టేపు ఒకదానికొకటి అంటుకుపోయింది. మళ్లీ వినడానికి వీలు లేకపోయింది. అందుచేత, అమ్మ మా ఇంటికి వచ్చి ఉన్న రోజుల్లో ఈసారి సరిగా రికార్డు చేద్దామని అందరమూ నిశ్చయించుకున్నాము.

మా ఇల్లు, మా పొరపాటు

మేముండేది హైదరాబాదు పాతబస్తీలోని మాదన్నపేటలో. తానీషా మంత్రి మాదన్న పేరు మీదనే ఈ పేటకు ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. గల్లీలో ఇళ్లు గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. తెల్లవారకముందే కూరగాయల బళ్లు, ఆ తరువాత ఆటోలు, యాకుత్‌పురా వైపు నుండి రైలు కూత, పక్కింటి కుక్కరు విజిలు. వీటి మధ్యనే మా సంసారం. అలవాటైపోయి మా చెవులు వీటిని పట్టించుకోవడం మానేశాయి.

మా అబ్బాయి తొందరపెట్టాడు. నేను ఒక దుకాణానికి వెళ్లి, "స్టూడియోలో వాడేది ఇదే" అని చెబితే నమ్మి, పండుగకు దాచిన డబ్బుతో ఖరీదైన కండెన్సర్ మైకు కొన్నాను. హాలులో ఫ్యాను తిరుగుతుండగా అమ్మను కూర్చోబెట్టి పాడించాము. ఆ తరువాత అందరమూ చుట్టూ చేరి విన్నాము. ఫ్యాను వినిపించింది. ఆటో వినిపించింది. కుక్కరు వినిపించింది. వీటన్నిటి వెనుక ఎక్కడో అమ్మ వినిపించింది.

అమ్మ కాసేపు విని, "ఇది నా గొంతేనా బిడ్డా? బావిలో పడి పాడినట్టున్నది" అన్నది. రెండో పాటకు ఆమె నోరు తెరవలేదు.

మా సంఘంలో ఏండ్ల తరబడి కూటములకు మైకులు అమర్చిన ఒక సహోదరుడు ఆ ఆదివారం మా ఇంటికి వచ్చాడు. హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టాడు. "ఖంగ్" మని తిరిగి మోగింది. "అన్నా, మీ మైకులో తప్పు లేదు. దానికి వినిపించినదంతా అది చెప్పింది. తప్పు గదిలో ఉంది" అన్నాడు. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. మైకు విషయంలో కూడా అదే మాట.

రూపాయి ఖర్చు కాకముందు

మీరూ మీ ఇంట్లో ప్రతి గదిలో నిలబడి చప్పట్లు కొట్టి చూడండి. నున్నని గోడలు, టైల్సు నేల, స్లాబు కప్పు ఉన్న గదిలో శబ్దం గోడ నుండి గోడకు ఎగిరి తిరిగి వస్తుంది. గొంతుతోబాటు ఆ ప్రతిధ్వని కూడా మైకులో పడుతుంది. ఒకసారి పడిన ప్రతిధ్వనిని తరువాత ఏ యంత్రమూ పూర్తిగా తీసివేయలేదు. బట్టల బీరువా, దూది పరుపు, దిండ్లు ఉన్న పడకగదిలో శబ్దం మెత్తగా ఆగుతుంది.

పల్లెలో ఉన్నవారు ఈ విషయంలో మాకంటె ధన్యులు. గడ్డి కప్పు ఇల్లు, ధాన్యపు బస్తాలు పేర్చిన గది, పత్తి నిలువ చేసిన కొట్టు ఇవన్నీ శబ్దాన్ని మింగుతాయి. కొత్తగా కట్టిన స్లాబు ఇంటికంటె ఇవే పాటకు మంచివి. దుమ్ముకు దగ్గు రాకుండా మాత్రం చూసుకోవాలి.

చాలామంది గోడలకు కోడిగుడ్ల అట్టట్రేలు అంటిస్తారు. అవి శబ్దాన్ని అంతగా పీల్చవు, బయటి రొదను ఆపవు. పైగా నిప్పు తగిలితే ఇట్టే అంటుకుంటాయి. దానికి బదులు బరువైన బొంతలు, రజాయిలు తాడు మీద వేలాడదీయండి. గోడకు ఆనించకుండా ఒక జానెడు ఖాళీ వదిలితే ఇంకా బాగా పనిచేస్తాయి. పాడేవారి వీపు వెనుక ఒకటి, రెండు ప్రక్కల ఒక్కొక్కటి ఉండాలి. మైకు చూసేది పాడేవారి వైపు గనుక, వారి వెనుక గోడ నుండి వచ్చే మోతే ఎక్కువగా అందులో పడుతుంది.

మా ఇంట్లో బొంతలు చాలలేదు. సంగతి తెలిసి పక్కింటి ముస్లిం సహోదరి రెండు రజాయిలు ఇచ్చింది. మేము రికార్డు చేసే వేళకు మిక్సీ వేయనని మాట కూడా ఇచ్చింది.

ఏ మైకు మంచిది?

పాటకు వాడే మైకులు ముఖ్యంగా రెండు విధాలు.

డైనమిక్ మైకులో పలుచని పొర, దానికి అంటిన తీగచుట్ట, ఒక అయస్కాంతం ఉంటాయి. గొంతు గాలికి పొర కదిలితే చుట్ట కదిలి కరెంటు పుడుతుంది. దీనికి బయటి నుండి కరెంటు అక్కరలేదు. గట్టిది. దగ్గరగా పాడితే గొంతునే పట్టుకుంటుంది, దూరపు రొద తక్కువగా పడుతుంది. 1966లో వచ్చిన షూర్ ఎస్ఎం 58 ఈ జాతిదే. నేటికీ సభలలో, మందిరాలలో కనబడేది అదే. దీనికి నకిలీలు విస్తారంగా ఉన్నాయి గనుక రసీదు లేకుండా కొనవద్దు.

కండెన్సర్ మైకు మిక్కిలి సున్నితమైనది. శ్వాస, పెదవి కదలిక, గొంతులోని సన్నని గమకము కూడా పడుతుంది. దానితోబాటే గల్లీ కూడా పడుతుంది. దీనికి సాధారణంగా 48 వోల్టుల కరెంటు తీగ ద్వారా అందించాలి. గది నిశ్శబ్దంగా, మెత్తగా ఉంటేనే దీని విలువ తెలుస్తుంది.

డైనమిక్ మైకు చవకబారు వస్తువని తలంచవద్దు. 1982లో వెలువడిన మైకేల్ జాక్సన్ గారి 'థ్రిల్లర్' పాటలలో గొంతును ఇంజనీరు బ్రూస్ స్వీడియెన్ పట్టినది షూర్ ఎస్ఎం 7 అనే డైనమిక్ మైకు మీదనే. గొప్ప స్టూడియో, ఎంచుకోవడానికి ఎన్నో మైకులు ఉన్నవాడు కూడా గొంతును చూసి ఎంచాడు గాని ధరను చూసి కాదు.

కనుక రోడ్డు ప్రక్క ఇల్లయితే డైనమిక్, నిశ్శబ్దమైన గదయితే కండెన్సర్. రెండింటిలోనూ ముందువైపే ఎక్కువగా వినే 'కార్డియాయిడ్' రకం అడగండి.

మిగతా సామాను

మైకును కంప్యూటరుకు కలిపే చిన్న పెట్టెను ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. గొంతు నుండి వచ్చిన సన్నని కరెంటును అది పెంచి, అంకెలుగా మార్చి, యూఎస్‌బీ తీగ ద్వారా పంపుతుంది. ఒక్క గొంతుకు ఒక్క మైకు రంధ్రం ఉన్నది చాలు. దాని మీద 48 వోల్టుల మీట ఉండేలా చూసుకోండి, రేపు మైకు మారినా పెట్టె మార్చనక్కరలేదు. ఇది కూడా భారమనుకుంటే, పెట్టె పని తనలోనే చేసుకునే యూఎస్‌బీ మైకు ఒకటి కొంటే సరిపోతుంది. అయితే దానిలో ఏ ఒక్కటి చెడినా మొత్తం పోయినట్టే.

తీగ మూడు పిన్నుల ఎక్స్‌ఎల్ఆర్ రకం కావాలి. అది దారిలో పట్టే గుంయ్‌మనే రొదను తగ్గిస్తుంది. నేల మీద కదలకుండా నిలిచే స్టాండు, చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు, "ప" "బ" అక్షరాల గాలి దెబ్బను ఆపే పాప్ ఫిల్టరు కావాలి. ఎడిటింగుకు డబ్బు పెట్టనక్కరలేదు. 2000లో వచ్చిన ఆడాసిటీ అనే ప్రోగ్రాము నేటికీ ఉచితమే. కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి చోటికి వెళ్లేటప్పుడు ఈ జాబితా కాగితం మీద రాసుకొని వెళ్లండి. జాబితా లేనివాడికి దుకాణదారుడే జాబితా రాస్తాడు.

కొనడానికి ఏమీ లేనివారు నిరాశపడవద్దు. చేతిలోని ఫోనును ఫ్లైట్ మోడులో పెట్టి, నోటికి మూరెడు దూరంలో నిలిపి, బొంతల మధ్య రికార్డు చేయండి. మోగే గదిలోని ఖరీదైన మైకుకంటె అదే బాగుంటుంది. గోపురము కట్టబోయే ముందు ఖర్చు లెక్క వేసుకోని మనుష్యుని ఉపమానము మనకు తెలిసినదే. పాట కోసం అప్పు చేయవద్దు.

రికార్డు చేసే రోజు

మైకుకు దూరం రెట్టింపయితే గొంతు బలం 6 డెసిబెల్సు తగ్గుతుంది, గది మోత మాత్రం తగ్గదు. అందుచేత డైనమిక్ మైకుకు నాలుగు వేళ్ల దూరం, కండెన్సరుకు జానెడు దూరం ఉంచండి. మైకును నోటికి సూటిగా కాక కాస్త ప్రక్కకు పెట్టండి. గొంతు గట్టిగా ఎత్తినప్పుడు కూడా మీటరు మైనస్ 12 దగ్గరే ఉండాలి. సున్నాను తాకితే గొంతు చిట్లుతుంది, అది మళ్లీ బాగుపడదు. ల్యాప్‌టాపు ఛార్జరు తీసివేసి బ్యాటరీ మీద నడిపిస్తే చాలాసార్లు గుంయ్‌మనే రొద పోతుంది. రొద పోవాలని ప్లగ్గులోని ఎర్తు పిన్ను మాత్రం ఎన్నడూ విరవవద్దు. అది ప్రాణాపాయము.

మేము మధ్యాహ్నం రెండు దాటాక, గల్లీ సద్దుమణిగిన వేళ, ఫ్యాను ఆపి ఇరవై నిమిషాలే పాడించేవారము. అజా వేళ అయినప్పుడు ఆగి అమ్మకు గోరువెచ్చని నీళ్లు ఇచ్చేవారము. "చెవులు మూసుకొని పాడడమేమిటి?" అని ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకోలేదు. మా అబ్బాయి పెట్టుకొని విన్నాడు. పెద్దవారిని బలవంతపెట్టవద్దు.

అలసిన వారితో చరణం చరణంగా పాడించవచ్చు. 1939లో లాస్ ఏంజెల్స్‌లో జాయ్ రిడర్‌హాఫ్ గారు ప్రారంభించిన గాస్పెల్ రికార్డింగ్స్ సేవకులు, యంత్రాలు మోసుకొని పల్లెలకు వెళ్లి, చదువురాని వారి చేత వాక్యం వాక్యంగా చెప్పించి వందలాది భాషల్లో రికార్డు చేశారు.

భద్రపరచుకోవడం

ఒక్క గొంతుకు మోనో చాలు. సెకనుకు 44,100 నమూనాలు, 24 బిట్లు పెట్టి వేవ్ ఫైలుగా దాచండి. నిమిషానికి దాదాపు 8 ఎంబీ పడుతుంది. నాలుగు నిమిషాల పాటలు 500 వరకు 16 జీబీ పెన్‌డ్రైవులో పడతాయి. వాట్సాపులో పంపడానికి ఎంపీ3 చేసుకోండి గాని అసలు ఫైలు చెరపవద్దు. ఒక ప్రతి ఇంట్లో, ఒకటి బంధువుల ఇంట్లో, ఒకటి ఇంటర్నెట్టులో ఉంచండి.

1902లో కలకత్తాలో మన దేశపు తొలి గ్రామఫోను రికార్డులలో కొన్ని ఇచ్చిన గౌహర్ జాన్ గారు పాట చివర తన పేరు చెప్పేవారు. అందువల్ల ఆ గొంతు ఎవరిదో నేటికీ సందేహం లేదు. మీరూ ప్రతి పాట ముందు పాడేవారి పేరు, ఊరు, తేదీ వారి నోటనే చెప్పించండి.

మేము రెండు నెలల్లో ముప్పయి ఒక్క కీర్తనలు పట్టాము. చలికాలంలో అమ్మకు దగ్గు పట్టుకుంది. తగ్గింది గాని పై స్థాయి మళ్లీ రాలేదు. ఇంకా ఆరు కీర్తనలు మిగిలి ఉన్నాయి. ఆ మైకును నమ్మి, పొరపాటు దిద్దుకోవడానికి పోగొట్టుకున్న వారాలలో ఆ ఆరూ పాడించి ఉండవచ్చు. అదే నాకు మిగిలిన చింత. డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు.

మొన్న మా అబ్బాయి మొదటి కీర్తన అమ్మకు వినిపించాడు. ఆమె తల ఊపుతూ తాళం వేసి, "ఆ, ఇది నేనే" అన్నది.

ప్రియులారా, మీ ఇంట్లోని పెద్దవారికి వచ్చిన పాటలను ఈ వారమే ఒక కాగితం మీద రాయండి. ఏ గదిలో పాడించాలో చప్పట్లు కొట్టి చూడండి. మైకు సంగతి ఆ తరువాత. దేవుడు ఆ గొంతులకు ఇంకా అనేక దినములు దయచేయును గాక.