చేవ ఉన్న చెక్క.. చెయ్యి తిరిగిన శెట్టిగుంట

కడపలో తిరుపతి బస్సెక్కితే ఒంటిమిట్ట, నందలూరు, రాజంపేట, పుల్లంపేట ఒకదాని వెంట ఒకటి వచ్చిపోతాయి. రైల్వే కోడూరు దగ్గరయ్యేసరికి దారికి రెండు పక్కలా మామిడి, అరటి, బొప్పాయి తోటలు కమ్ముకుంటాయి. ఇది కరువు సీమేనా అనిపించేంత పచ్చదనం. కోడూరు దాటాక ఆ తోటలు పలచబడి శేషాచలం కొండలు మీదిమీదికి వస్తాయి. బాలపల్లె అడవిలోకి దారి దూరక ముందు తగిలే ఊరే శెట్టిగుంట. రైలు మార్గంలోనూ అదే వరస: కోడూరు తర్వాత శెట్టిగుంట, బాలపల్లె, మామండూరు, ఆపైన రేణిగుంట. పెద్ద బండ్లు ఈ స్టేషన్లో ఆగకుండానే పోతాయి. అయినా ఎర్రచందనం బొమ్మలు చెక్కడంలో ఈ ఊరికి ఉన్న పేరు చిన్నది కాదు.

వేంకటేశ్వరస్వామి, పద్మావతి, వినాయకుడు, దశావతారాలు, బుద్ధుడు, ఏనుగులు, పెళ్లి జంట బొమ్మలు.. ఈ పనివాళ్లు చెక్కని రూపం లేదు. ప్రభుత్వ హస్తకళల దుకాణం లేపాక్షిలో రంగు పూయకుండానే ముదురు ఎరుపున మెరిసే చెక్కబొమ్మ కనబడితే, దాని పుట్టిల్లు శెట్టిగుంట అయినా కావాలి, ఏర్పేడు మండలంలోని మాధవమాల అయినా కావాలి. కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్ పేర్లు బడిపిల్లలకు కూడా నోటికి వస్తాయి. అక్కడ వాడేది పొణికి, అంకుడు లాంటి మెత్తటి, తేలికైన చెక్క. ఆ బొమ్మల అందంలో సగం రంగులదీ లక్కదీ. సీమ బొమ్మకు ఆ రెండూ అక్కర్లేదు. లోపలి చేవే దాని రంగు, దాని మెరుపు. అందుకే ఇక్కడ పనివాడి తప్పును కప్పిపెట్టే పూత ఏదీ ఉండదు. ముక్కు ఒక్క గీత ఎక్కువ తెగినా ఆ బొమ్మ బతికినన్నాళ్లూ కనబడుతూనే ఉంటుంది.

ఎర్రచందనం సహజంగా పెరిగే చోటు ప్రపంచం మొత్తానికీ ఇదొక్కటే. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు, నల్లమల దక్షిణపు కొస. అంటే ఉమ్మడి కడప, చిత్తూరు, నెల్లూరు, కర్నూలు, ప్రకాశం జిల్లాల కొండలు, తమిళనాడు సరిహద్దులో కాస్తంత. రాతినేల, వేడి, అంతంతమాత్రం వాన. ఇవే ఆ చెట్టుకు కావలసినవి. నీళ్లు పుష్కలంగా పెట్టి పెంచితే మాను త్వరగా లావెక్కుతుంది గానీ చేవ ఆ లెక్కన పట్టదు. నాటిన చేతులు ముసలివైపోయేంత కాలం పడుతుంది దానికి.

ఆ చేవ బరువు చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. నీళ్లలో వేస్తే తేలదు, మునుగుతుంది. పేరులో చందనం ఉన్నా మంచిగంధపు వాసన ఉండదు. సాంటాలిన్ అనే ఎర్రటి రంగుపదార్థం దీని సొత్తు. ఒకప్పుడు బట్టలకు అద్దకం రంగుగా సముద్రాలు దాటిపోయింది. చైనాలో చింగ్ చక్రవర్తుల కొలువుకూటాలకు కుర్చీలూ బీరువాలూ అయింది. అక్కడ ఈ జాతి చెక్కసామాను కోసమే బీజింగ్‌లో 1999లో ఒక మ్యూజియం తెరిచారు. జపాన్‌లో షామిసెన్ అనే మూడు తీగల వాద్యానికి మేలురకం మెడ దీనితోనే చేస్తారు. మన ఇళ్లలో మాత్రం సాన మీద అరగదీసి సెగ్గడ్డకు పట్టు వేసే రక్తచందనం ముక్కగానే ఎక్కువమందికి పరిచయం.

ఇప్పుడు ఆ చెక్క బొమ్మ ఎలా అవుతుందో దగ్గరగా చూద్దాం. మొద్దును కావలసిన ఎత్తుకు రంపంతో కోస్తారు. చుట్టూ ఉన్న తెల్లచెక్కకు బలం లేదు, పురుగు పడుతుంది. దాన్ని బాడిశతో చెక్కి పారేస్తే లోపలి ఎరుపు బయటపడుతుంది. చాలా మొద్దులకు నడుమ గుల్ల ఉంటుంది, లేదా పగులు. ఆ పగులు ఎటు పోతోందో చూసి, బొమ్మ ముఖం దానికి దూరంగా పడేట్టు మొద్దును తిప్పుకోవడంలోనే పనివాడి అనుభవం తెలిసిపోతుంది. తర్వాత నిలువునా నడిగీత గీస్తారు. ముఖం పొడవే కొలబద్ద. నవతాళం అంటే ముఖం పొడవుకు తొమ్మిదింతల ఎత్తు. కిరీటం, ముఖం, ఛాతీ, నడుము, మోకాలు ఎక్కడెక్కడ పడాలో ఆ లెక్కతో గుర్తులు పెట్టుకుంటారు. వెడల్పాటి ఉలితో ముందు పెద్ద పెద్ద గుంతలు, గట్లు తేలుస్తారు. ఈ దశలో అది మనిషో దేవుడో కూడా పోల్చుకోలేం. ఉలి సన్నబడే కొద్దీ రూపం దగ్గరవుతుంది. హారాలు, వస్త్రం మడతలు, వేళ్లు. కళ్లు అన్నిటికన్నా చివర.

ఇది మెత్తగా లొంగే చెక్క కాదు. నార అలలు అలలుగా తిరిగిన ముక్కలో ఉలి అటుదెబ్బ వేస్తే ఇటు చీలుతుంది. అందుకని దెబ్బ చిన్నదిగా, ఒడుపుగా వేస్తారు. ఉలి మొన మాటిమాటికీ సానపెట్టుకోవాలి. చెక్కుతున్నంతసేపూ ఎర్రటి పొడి రాలి చేతులకూ పంచెకూ అంటుకుంటుంది. ఆఖర్న ఆకురాయి, ఆపైన గరుకు కాగితం, ముతకది మొదట, సన్నది తర్వాత. మెరుపంతా ఈ రుద్దుడులోనే ఉంది. ఆ పైన మైనమో పాలిషో పలచగా పట్టిస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ ఎరుపు ముదిరి నల్లనేరేడు రంగుకు తిరుగుతుంది. అమ్మమ్మల నాటి జంటబొమ్మలు బొమ్మల కొలువులో నల్లగా కనబడేది అందుకే.

ఈ పని ఒంటరిగా సాగదు. మొద్దు కోసేవాళ్లు, బాడిశ పట్టేవాళ్లు, నగిషీ తీర్చేవాళ్లు, రుద్ది మెరుగుపెట్టేవాళ్లు. ఒకే చూరు కింద నాలుగు చేతులు మారితే గానీ బొమ్మ పూర్తికాదు. కొత్తగా వచ్చిన కుర్రవాడికి ముందు రుద్దుడు అప్పగిస్తారు. గరుకు కాగితంతో ముక్కూ చెంపా వంపు తిరిగిన తీరు వేళ్లకు బాగా అలవాటైన తర్వాతే చేతికి ఉలి ఇస్తారు. చూపు కన్నా ముందు వేళ్లకు రూపం తెలియాలన్న ఈ పద్ధతిని ఏ కళాశాల పాఠ్యప్రణాళికైనా అరువు తెచ్చుకోవచ్చు.

బతుకుతెరువు కాకపోయినా ఇష్టంకొద్దీ ఇలా కలిసి కూర్చుని చెక్కేవాళ్లు కూడా లోకంలో ఉన్నారు. అమెరికాలో ఫ్లోరిడా, కాలిఫోర్నియా, హవాయి వైపు సెలవురోజున ఒకరి పెరట్లో చేరి తాటిజాతి మొద్దులతో టికి బొమ్మలు చెక్కుతారు. టికి అంటే పసిఫిక్ దీవుల పాలినేషియన్లు, న్యూజిలాండ్ మావోరీలు తమ పూర్వీకులకూ దేవతలకూ ఇచ్చుకున్న రూపం. పెద్ద నోరు, గుండ్రటి కళ్లు, పొట్టి కాళ్లు. 1930ల్లో హాలీవుడ్‌లో దీవుల అలంకారంతో హోటళ్లు మొదలయ్యాక ఆ బొమ్మ అమెరికా వాకిళ్లలోకి వచ్చింది. గాలివానకు పడిపోయిన చెట్టునో, తోట యజమాని కొట్టించిన చెట్టునో ఒకరు మోసుకొస్తారు. ఒకరు రంపం పడతారు. చేయి తిరిగినవాళ్లు కొత్తవాళ్ల పక్కన కూర్చుంటారు. వాళ్లలో గుమాస్తాలూ డ్రైవర్లూ టీచర్లూ ఎవరైనా ఉండొచ్చు. అమ్మకం కోసం కాదు, చేతికి పని కావాలని వస్తారు.

తాటి మాను తీరు ఎర్రచందనానికి పూర్తిగా తలకిందులు. ఎర్రచందనంలో బలం నడుమ, తాటిలో బలం అంచున. బయటి పొర నల్లటి నారలతో ఇనుములా ఉంటుంది, లోపల పీచు, మెత్తన. అందుకే మన పాత ఇళ్లకు తాటిదూలం చీల్చినప్పుడు లోపలి భాగం తీసేసి అంచు చెక్కనే వాడేవాళ్లు. బొమ్మకైతే పచ్చిమాను మీదే పని మొదలుపెట్టాలి. ఎండితే అంచు ఉలిని ఎదిరిస్తుంది. లోతుగా తవ్వితే మెత్తన తగులుతుంది. కాబట్టి సన్నటి నగలూ వేళ్లూ తాటిలో నిలవవు. పెద్ద ముఖం, లోతైన గీత, అంతే దానికి నప్పేది. ఏ రూపం చెక్కాలో సగం చెక్కే నిర్ణయిస్తుంది.

అమెరికా పెరళ్ల సంగతి అటుంచితే, మన కడపలో, కర్నూలులో పిల్లలకు కరాటే, కీబోర్డు, చిత్రలేఖనం నేర్పే చోట్లు వీధికొకటి కనబడతాయి. ఉలి పట్టడం నేర్పే చోటు కావాలంటే వెతుక్కోవాలి. గురువుల కరువు మాత్రం లేదు. కర్నూలు నుంచి నంద్యాల మీదుగా కడపకు వచ్చే రహదారి మీద ఆళ్లగడ్డ ఉంది. అక్కడి రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. శెట్టిగుంట చెక్కకు పట్టే తాళమానమే, అంటే ముఖం పొడవు లెక్కే, ఆళ్లగడ్డ రాతికీ పడుతుంది. రెండుచోట్లా పనివాళ్లు చేతులెత్తి మొక్కే పేరు కూడా ఒకటే, పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి. కర్నూలు సీమలోని బనగానపల్లెలో గడిపి, కడప సీమలోని కందిమల్లాయపల్లెలో సమాధి అయిన ఆయన విశ్వబ్రాహ్మణుల ఇంటివాడు. కమ్మరం, వడ్రంగం, కంచరం, శిల్పం, కంసాలిపని ఆ ఇళ్ల కులవృత్తులు. వైశాఖ శుద్ధ దశమినాడు బ్రహ్మంగారి మఠంలో ఆరాధనకు కలిసే చేతుల్లో ఈ అయిదు పనులూ తెలిసినవి ఉంటాయి.

ఇక అసలు బాధ చెప్పాలి. కొండ నిండా చెట్టు ఉంది, కొండ కింద చెయ్యి ఉంది. నడుమ చెక్క అందడమే గగనం. నరికివేత మితిమీరి జాతి అంతరించే ముప్పులో పడింది. అందుకే 1995లో దీన్ని అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందం సైట్స్ జాబితాలోకి చేర్చారు. కాపలా అవసరమే, అందులో రెండో మాట లేదు. అయితే దొంగరవాణా అడవిని ఎంత తిన్నదో మనుషులనూ అంతే తిన్నది. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో ఇరవై మంది చనిపోయారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చినవాళ్లే. దొరికిన దుంగలు వేల టన్నులు డిపోల్లో పోగుపడితే, 2014 నుంచి ప్రభుత్వం అంతర్జాతీయ ఈ-వేలంలో అమ్ముతోంది. పట్టా భూముల్లో చెట్లు పెంచిన రైతుకు 2023 నవంబరులో కాస్త ఊరట దక్కింది. సైట్స్ స్థాయీ సంఘం ఎర్రచందనం విషయంలో భారత్ మీద 2004 నుంచి నడుస్తున్న ప్రత్యేక సమీక్షను ఎత్తేసింది.

ఇన్ని నిర్ణయాల్లో బొమ్మలవాడి పేరు వినబడేది అరుదు. నిజానికి ఈ చెక్కను అతనికన్నా పొదుపుగా వాడేవాడు ఎవడూ లేడు. టన్నుల కొద్దీ దుంగ విదేశానికి పోయి ఒక బల్ల అవుతుంది. జానెడు ముక్క శెట్టిగుంటలో ఒక దేవుడవుతుంది, మిగిలిన కొస ఇంకో చిన్న ఏనుగవుతుంది. పెద్ద వ్యాపారికి పనికిరాని గుల్ల మొద్దు, వంకర ముక్క ఇక్కడ అక్కరకొస్తాయి. ఆ ముక్క అతనికి దొడ్డిదారిన కాదు, అనుమతి పత్రంతో రావాలి. ఏడాదికోసారి దయతలచి ఇచ్చేది కాకుండా, నెలనెలా రేషనులా నమ్మకంగా రావాలి. చెక్క ఎప్పుడొస్తుందో తెలియని చోట ఏ తండ్రీ కొడుకును ఈ పనిలో కూర్చోబెట్టడు.

చెక్క దొరకని రోజుల్లో పనివాళ్లు టేకు, వేప, నిద్రగన్నేరు మీదకు మళ్లుతారు. అది తక్కువ పని కాదు. సరదాగా నేర్చుకోవాలనుకునే పట్టణవాసికి అసలు మొదలు పెట్టవలసింది వేపతోనే. చవక, దొరుకుతుంది, చట్టం తంటా ఉండదు. కడపలోనో నంద్యాలలోనో ఒక కళాశాల వెనక షెడ్డు, పది బల్లలు, శెట్టిగుంట నుంచో ఆళ్లగడ్డ నుంచో గౌరవ వేతనం మీద ఒక గురువు ఉంటే ఆదివారం బడి నడుస్తుంది. నేర్చుకునేవాళ్లు బొమ్మలవాళ్లతో పోటీపడరు. ఒక ముక్కును సరిగా తీర్చడం ఎంత కష్టమో తెలిశాక ఆ బొమ్మ ధర దగ్గర బేరమాడరు.

ఈసారి తిరుపతికి ఆ దారిన వెళితే కోడూరు తర్వాత కాసేపు ఆగండి. పనివాళ్ల దగ్గర గానీ లేపాక్షిలో గానీ ఎర్రచందనం బొమ్మ కొంటే రసీదు తప్పకుండా అడిగి తీసుకోండి. ఆ కాగితం మీ ప్రయాణంలో మీకూ రక్ష, చట్టబద్ధంగా చెక్క కొని పనిచేసే పనివాడికీ రక్ష.