ఊరంతా కలిసి వేసే పంట

నిజామాబాదు నుంచి ఆర్మూరుకు బస్సులో పోతూ ఉంటే, ఆర్మూరు ఇంకా కొద్ది దూరం ఉందనగా రోడ్డుకు అటూ ఇటూ మక్క కంకుల రాసులు కనిపిస్తాయి. కంకులు కాల్చే బొగ్గుల పొగ, ఉడికే కంకుల వాసన బస్సులోకి కూడా వస్తాయి. మొక్కజొన్నను ఆ ప్రాంతంవారు మక్కజొన్న అంటారు. కూరగాయల గంపలు ముందు పెట్టుకుని ఆడవాళ్లు బేరాలాడుతూ ఉంటారు. ఈ ఊరే అంకాపూర్.

తెలంగాణలో అంకాపూర్ పేరు వినని వాళ్లు తక్కువ. కొందరికి ఆ పేరు చెప్పగానే నాటుకోడి కూర గుర్తుకు వస్తుంది. ముందుగా ఫోన్ చేసి చెబితే కోడిని వండి, అన్నంతో సహా కట్టి ఇస్తారు. కాని రైతులకు గుర్తుకు వచ్చేది మరొకటి. అది విత్తనం. మక్కజొన్న, సజ్జ, ఎర్రజొన్న విత్తనాలను ఈ చుట్టుపట్ల గ్రామాలవాళ్లు ఎన్నో ఏళ్లుగా పండిస్తున్నారు. ఇక్కడి ఎర్రజొన్న విత్తనం ఉత్తరాదికి పోతుంది. అక్కడి రైతులు దాన్ని చల్లి, పచ్చిమేతగా కోసి పాడి పశువులకు వేస్తారు. అంటే, ఎక్కడో పంజాబులో ఒక పిల్లవాడు తాగే పాలకూ ఆర్మూరు మట్టికీ సంబంధం ఉండవచ్చునన్న మాట!

విత్తనం పండించటానికీ, తిండిగింజలు పండించటానికీ చాలా తేడా ఉన్నది. ఆ తేడా ఏమిటో తెలిస్తే, ఒక ఊరివాళ్లు కలిసికట్టుగా ఎందుకుండాలో కూడా తెలుస్తుంది.

మక్కజొన్న మొక్కను ఎప్పుడైనా పరీక్షగా చూశారా? దాని తల మీద తురాయి లాగా ఒక జల్లు వస్తుంది. అది మగ పువ్వుల గుత్తి. అందులో నుంచి సన్నని పసుపుపచ్చని పొడి రాలుతుంది. దాన్నే పుప్పొడి అంటారు. మొక్క నడుమ భాగంలో కంకి వస్తుంది. అది ఆడ పువ్వుల గుత్తి. కంకి కొస నుంచి పట్టుదారాల వంటి పీచు వేలాడుతూ ఉంటుంది. ఆ పీచు ఊరికే ఉన్నది కాదు. ఒక్కొక్క పోగు లోపల ఒక్కొక్క గింజకు కలిసి ఉంటుంది. పుప్పొడి రేణువు పోగు మీద పడితేనే ఆ గింజ పాలుపోసుకుంటుంది. అందుచేతనే అక్కడక్కడా గింజలు లేని బోసి కంకులు కనిపిస్తాయి. ఆ పోగుల మీద పుప్పొడి పడలేదన్న మాట.

సంకర విత్తనం తయారు చేయాలంటే రెండు వేరువేరు రకాలను ఒకే పొలంలో వరుసలుగా వేస్తారు. కొన్ని వరుసలు తల్లివి, వాటి మధ్య వరుసలు తండ్రివి. తల్లి వరుసల్లో జల్లు విచ్చుకోక ముందే మనుషులు వరుస వెంట నడిచి, ఒక్కటి కూడా వదలకుండా దాన్ని పీకివేయాలి. అప్పుడు తల్లి మొక్కల పీచు మీద తండ్రి మొక్కల పుప్పొడి మాత్రమే పడుతుంది. ఈ పని ఒక్కరోజుతో అయేది కాదు. జల్లులన్నీ ఒక్కసారే రావు కదా! రోజూ పొద్దున్నే పొలమంతా తిరగాలి. ఈ పనిలో చేయి తిరిగినవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లే.

సజ్జలోనూ జొన్నలోనూ పువ్వులు మరీ చిన్నవి. ఆడ భాగమూ మగ భాగమూ ఒకే పువ్వులో ఉంటాయి. చేత్తో పీకటం సాధ్యం కాదు. అందుకని శాస్త్రజ్ఞులు పుప్పొడి తయారు కాని రకాలను గుర్తించి, వాటిని తల్లి వరుసలుగా వాడే పద్ధతి కనిపెట్టారు.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు చిక్కు ఇప్పుడు వస్తుంది. పుప్పొడి గాలిలో ఎగురుతుంది. దానికి గట్టు తెలియదు, సర్వే రాయి తెలియదు. పక్క పొలం రైతు మరో రకం మక్కజొన్న వేస్తే ఆ పుప్పొడి కూడా వచ్చి ఈ పీచు మీద పడుతుంది. అప్పుడు విత్తనం కల్తీ అవుతుంది. చూడటానికి గింజ బాగానే ఉంటుంది. కాని మరుసటి ఏడు దాన్ని నాటిన రైతు పొలంలో మొక్కలు ఒకటి పొట్టిగా, ఒకటి పొడుగుగా లేచి, దిగుబడి పడిపోతుంది. అందుచేత ధ్రువీకరించిన సంకర మక్కజొన్న విత్తనం పండించే పొలానికి చుట్టూ 200 మీటర్ల వరకు వేరే రకం మక్కజొన్న ఉండకూడదని నియమం ఉన్నది.

200 మీటర్లంటే ఎంత? ఒక ఎకరం పొలం చదరంగా ఉంటే దాని పక్క సుమారు 64 మీటర్లు. అంటే మూడు పొలాల అవతలివాడు కూడా ఈ మాటకు ఒప్పుకోవాలి. ఒక్కడు కాదంటే పదిమంది కష్టమూ పాడవుతుంది. తిండిగింజలు పండించే రైతు తన పొలం తాను చూసుకుంటే చాలు. విత్తనం పండించే రైతుకు పొరుగువాడితో మంచిగా ఉండటం కూడా సేద్యంలో ఒక భాగమే.

ఆర్మూరు ప్రాంతపు మరో పెద్ద పంట పసుపు. జూన్ నెలలో వానలు పడగానే దుంపలు నాటితే, తవ్వటం మరుసటి ఏడు జనవరి నుంచి మార్చి దాకా సాగుతుంది. ఎనిమిది తొమ్మిది నెలల పంట అది. తవ్విన దుంపల్లో తల్లి దుంపను మండ అనీ, దాని నుంచి వేళ్లలాగా వచ్చే వాటిని కొమ్ములు అనీ అంటారు. వీటిని ఉడకబెట్టి, రెండు వారాల దాకా ఎండబెట్టి, పీపాలో వేసి తిప్పి మెరుగు పెడతారు. ఉడకబెట్టటం దేనికంటే, దుంప మళ్లీ మొలకెత్తకుండా ఉండటానికి, రంగు లోపలంతా సమంగా పరుచుకోవటానికి, త్వరగా ఆరటానికి. తవ్వేవారు, విరిచేవారు, ఉడకబెట్టేవారు, ఆరబోసేవారు—ఇంతమంది చేతులు కలిస్తేనే పసుపు నిజామాబాదు మార్కెట్టుకు చేరుతుంది.

పసుపుతో మీరు ఇంట్లో ఒక తమాషా చేయవచ్చు. తెల్ల కాగితం మీద పసుపు నీళ్లు పూసి ఆరనివ్వండి. దాని మీద సబ్బు నీటి చుక్క వేస్తే ఎర్రగా మారుతుంది. ఆ మచ్చ మీద నిమ్మరసం పిండితే మళ్లీ పచ్చబడుతుంది. పసుపులోని కర్కుమిన్ అనే పదార్థం క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. పెండ్లిళ్లలో పసుపూ సున్నమూ కలిపి పారాణి చేసేది ఈ గుణం వల్లనే.

ఇప్పుడు ఊరి సంగతికి వద్దాం. ప్రతి ఊరికీ చట్టం ప్రకారం ఒక గ్రామ పంచాయతీ ఉంటుంది. దానికి సర్పంచును, వార్డు సభ్యులను ఓట్లు వేసి ఎన్నుకుంటారు. ఆర్మూరు ప్రాంతపు గ్రామాల్లో పంచాయతీతో పాటు మరొక సంఘం కూడా ఉంటుంది. దానికి గ్రామాభివృద్ధి కమిటీ అని పేరు. అందరూ వీడీసీ అంటారు. సాధారణంగా ఊళ్లోని ఒక్కొక్క కులం నుంచి ఒకరిద్దరు పెద్దలు ఇందులో కూర్చుంటారు. జీతాలు ఉండవు. చందాల వల్లా, వేలం పాటల వల్లా వచ్చిన డబ్బుతో ఊరి పనులు చేయిస్తారు. గుడికి సున్నం వేయించటం, బడికి గది కట్టించటం, చెరువు కట్టకు మట్టి పోయించటం, పండుగలు జరిపించటం—ఇవన్నీ కమిటీ పనులే. అంకాపూర్‌లోనూ కమిటీ ఉన్నది.

ఇటువంటి సంఘాలు మనకే పరిమితం కాదు. ఇంగ్లాండు గ్రామాల్లో 1894 నాటి చట్టం వల్ల పారిష్ కౌన్సిళ్లు ఏర్పడ్డాయి. అవి మన పంచాయతీల వంటివి. వాటితో పాటు జనం తమంతట తాము నడుపుకునే సంఘాలు ఎన్నో ఉన్నాయి. ఒక సంఘం ఊరి సావడి తలుపు తాళాలు చూస్తుంది. ఒకటి దారి పక్క చెత్త ఏరుతుంది. ఊళ్లో ఉన్న ఒక్క దుకాణమూ మూతపడితే ఊరివాళ్లు తలా కొంత వేసుకుని దాన్ని కొని, వంతులవారీగా వచ్చి అమ్మకాలు సాగించే చోట్లు కూడా ఉన్నాయి. పల్లెటూరి స్త్రీల సంఘాలు కెనడాలో 1897లో మొదలై, 1915లో బ్రిటనుకు వచ్చాయి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో తిండి కరువైనప్పుడు ఆ స్త్రీలు తోటల్లో వృథాగా రాలిపోయే పండ్లను పోగు చేసి, ఊరూరా జాము వండి నిలవచేశారు.

మన దగ్గర వరంగల్లు ప్రాంతంలో గంగదేవిపల్లి అనే చిన్న గ్రామం ఉన్నది. 1994లో అది ప్రత్యేక పంచాయతీ అయింది. అక్కడ మంచినీళ్లకు ఒక కమిటీ, పారిశుద్ధ్యానికి ఒకటి, చదువుకు ఒకటి, ఈ విధంగా పనికొక కమిటీ ఏర్పాటు చేసుకుని ఊరిని బాగు చేసుకున్నారు. ఇతర రాష్ట్రాల నుంచి కూడా జనం వచ్చి చూసిపోయేటంత పేరు ఆ ఊరికి వచ్చింది.

కలిసి ఉండటం అలవాటైన రైతులు కష్టకాలంలో కూడా కలిసే నిలబడ్డారు. 2008లో ఎర్రజొన్న విత్తనానికి రావలసిన సొమ్ము చేతికి రాక ఆర్మూరులో రైతులు పెద్ద ఆందోళన చేశారు. ఆ బకాయిని ఆరేళ్ల తరవాత, 2014లో, రాష్ట్ర ప్రభుత్వం చెల్లించింది. ఆ తరవాత పసుపు ధర పడిపోయింది. పసుపుకు ఒక బోర్డు కావాలనీ, గిట్టుబాటు ధర కావాలనీ రైతులు ఎన్నో ఏళ్లుగా అడుగుతూ వచ్చారు. 2019లో లోకసభ ఎన్నికలు వచ్చినప్పుడు, తమ మాట దేశమంతా వినాలని, నిజామాబాదు నియోజకవర్గంలో 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేసి పోటీకి నిలిచారు. మొత్తం అభ్యర్థులు 185 మంది అయారు!

ఇక్కడ ఒక లెక్క చేయండి. ఓటు యంత్రంలో పేర్లుండే ఒక్కొక్క పెట్టె మీద 16 పేర్లు మాత్రమే పడతాయి. 185 మందికీ, ‘పై వారెవరూ కాదు’ అనే గడికీ కలిపి ఎన్ని పెట్టెలు కావాలి? 11 పెట్టెలైతే 176 గళ్లే. చాలవు. అందుచేత ప్రతి పోలింగు కేంద్రంలోనూ 12 పెట్టెలు పక్కపక్కన అమర్చవలసి వచ్చింది. ఆ రైతుల్లో ఎవరూ గెలవలేదు. కాని దేశంలో పత్రికలన్నీ పసుపు సంగతి రాశాయి. జాతీయ పసుపు బోర్డును కేంద్ర ప్రభుత్వం 2023లో ప్రకటించింది. 2025 జనవరి 14న, సంక్రాంతి నాడు, నిజామాబాదులో అది ప్రారంభమయింది.

అయితే, కలిసికట్టుతనంలో ఒక ప్రమాదం కూడా ఉన్నది. అది కూడా పిల్లలు తెలుసుకోవాలి. పదిమందికీ మంచి చేయగల కమిటీ, ఒక్కడికి చెడు కూడా చేయగలదు. నిజామాబాదు చుట్టుపట్ల కొన్ని గ్రామాల్లో కమిటీ పెద్దల మాట కాదన్నందుకు కొన్ని కుటుంబాలను వెలివేసినట్టు పత్రికల్లో వార్తలు వచ్చాయి. ఆ ఇంటికి ఎవరూ పనికి పోకూడదు, దుకాణంలో సరుకు ఇవ్వకూడదు, వారితో మాట్లాడినవారికి జరిమానా. ఆ ఇంటి పిల్లలతో బడిలో ఎవరూ ఆడుకోకపోతే వారి మనసు ఎట్లా ఉంటుందో ఆలోచించండి. ఇట్లా వెలివేసే అధికారమూ, జరిమానా వేసే అధికారమూ చట్టం ఏ కమిటీకీ ఇవ్వలేదు. పోలీసులు కేసులు పెట్టిన సందర్భాలు కూడా ఉన్నాయి.

మరొక లోటు ఉన్నది. పొలంలో జల్లు పీకేది, పసుపు విరిచేది, రోడ్డు పక్కన కంకులమ్మేది ఎక్కువగా ఆడవాళ్లు. కాని చాలా ఊళ్లలో కమిటీ గద్దెల మీద కూర్చునేది మగవాళ్లే. పనిలో వంతు ఉన్నవారికి మాటలో వంతు లేకపోతే ఆ లెక్క సరిపోదు.

మంచి కమిటీ ఏదో తెలుసుకోవటం కష్టం కాదు. వచ్చిన డబ్బు, అయిన ఖర్చు అందరికీ కనిపించేటట్టు గోడ మీద రాస్తారా? ఆడవాళ్లకూ బీదవాళ్లకూ అందులో చోటున్నదా? “ఇది నాకు ఇష్టం లేదు” అని ఒక్కడు లేచి అంటే, వాడి మాట విని, మళ్లీ మామూలుగానే పలకరిస్తారా? ఈ మూడూ ఉన్న చోట ఊరివాళ్లు ధైర్యంగా ఉండగలరు.

పిల్లలూ! మీ ఊళ్లో గానీ, మీ వీధిలో గానీ ఇటువంటి సంఘం ఏదైనా ఉందేమో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. అది ఈ ఏడు ఏ పని చేసిందో, డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుని నోటుపుస్తకంలో రాయండి. ఈసారి మక్క కంకి తినేటప్పుడు మాత్రం పీచు పారవేయక ముందు ఒక్క పోగు పట్టుకుని, అది ఏ గింజ దగ్గరకు పోతుందో చూడండి. ఆ గింజ నిండటానికి ఎక్కడో గట్టు అవతల నుంచి వచ్చిన పుప్పొడి కూడా కారణం కావచ్చు.